‘పాతాళ భైరవి’ ఎవరి సినిమా: తోట రాముడిదా, నేపాళ మాంత్రికుడిదా?

మలక్‌పేట వాసి:
ఆదివారం మా తొమ్మిదేళ్లవాడికి ‘పాతాళ భైరవి’ (1951) చూపించాను. సోమవారం బడి నుంచి రాగానే నానమ్మ శాలువా భుజాన వేసుకుని, కనుబొమలు ఎగరేస్తూ హాలంతా తిరిగాడు. తోట రాముడు కాలేదు, మాంత్రికుడే అయ్యాడు. నా మాటా అదే, ఆ సినిమా మాంత్రికుడు వేసిన ఎస్వీ రంగారావుది. విడుదలప్పటికి ఆయనకు 32 ఏళ్లు, తోట రాముడు వేసిన ఎన్టీఆర్ కంటే నిండా ఐదేళ్లు పెద్ద కాదు. అయినా నడకలో, గొంతులో అరవై దాటినవాడే కనిపిస్తాడు.

తార్నాక:
ఒప్పుకోను. తోటమాలి కొడుకు రాకుమారిని కోరాడు. నా అంత సంపద తెస్తేనే పిల్లనిస్తానన్నాడు రాజు. కథ నడిచేది ఆ పంతం మీద. తనను బలివ్వబోయిన మాంత్రికుణ్ణే బలిచ్చి, కోరినవన్నీ ఇచ్చే పాతాళ భైరవి ప్రతిమ తెచ్చుకున్న తెగువ ఉంది కాబట్టే మాంత్రికుడి జిత్తులకు విలువ. ఎదుటివాడు దద్దమ్మైతే ఎన్ని మాయలు చేసి ఏం లాభం?

మలక్‌పేట వాసి:
బలైపోయినవాణ్ణి మళ్లీ ఎందుకు లేపారండీ? శిష్యుడు సదాజపుడి చేత బతికించారంటే, అతను లేకుండా మిగతా సగం నడవదని దర్శకుడు కె.వి.రెడ్డి గారికి తెలుసు. ‘నర్తనశాల’ (1963) చూడండి. కీచకుణ్ణి చంపేది బృహన్నల వేసిన ఎన్టీఆర్ కూడా కాదు, భీముడు. జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఆ కీచకుడు వేసిన రంగారావుకే.

కూకట్‌పల్లి:
అన్నా, మీరిద్దరు రంగారావు కాడనే ఆగిండ్రు. రాజనాలను ఎవ్వరు తలుస్తలేరు. కాంతారావు మీదికి కత్తి దూసినప్పుడు ఆ నవ్వు చూడుండ్రి, ఇంత జాలి కూడ పుట్టనియ్యడు. రంగారావును చూస్తే ముచ్చటైతది. రాజనాల కనబడితే మా అమ్మ ఇప్పటికీ తిడుతది. విలనంటే గట్లుండాలె.

చిక్కడపల్లి:
కత్తులూ మంత్రాలేనా? ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు. సినిమా పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది! ఎడమ చెయ్యి ఊపుతూ సవతి కూతురు లక్ష్మిని కసురుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లైన కొత్తలో మా ఇంట్లోనూ అలాంటి గొంతు విన్నాను, అందుకేనేమో. అయినా చివర్లో ఛాయాదేవి చేతిలో ఆమె పడే అవస్థకు ఏడ్చాను. అసలు పుల్లలు పెట్టేది రమణారెడ్డి వేసిన గంటయ్య, అతణ్ణి ఎవరూ తిట్టరు. తిట్లూ కన్నీళ్లూ రెండూ రాబట్టుకున్న మనిషిని విలన్ల లెక్కలో వెయ్యాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు.

తార్నాక:
సూర్యకాంతం గారి విషయంలో మీకు ఎదురు చెప్పలేను. మాంత్రికుడి దగ్గర మాత్రం తగ్గను. లేచినవాణ్ణి రెండోసారి ఓడించిందీ తోట రాముడే కదా? మీవాడు అక్కడ ఎవరిని చూస్తున్నాడో గమనించారా?

మలక్‌పేట వాసి:
గమనించాను. మాంత్రికుడి గడ్డం పోయిన దగ్గర్నుంచి ఆవలింతలు. చివరికొచ్చేసరికి నా ఒళ్లో నిద్రపోయాడు.