పెళ్లి వీడియోలో సన్నాయి సింక్ తప్పుతోంది: ట్రాకుల టైమ్‌లైన్ మంచిదా, మాగ్నెటిక్ మంచిదా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. నేను ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నాలుగేళ్లుగా ప్రీమియర్ ప్రోలోనే పని. పోయిన నెల మా ఓనరుగారు మ్యాక్ కొని ఫైనల్ కట్ ప్రో వేయించారు, ఇకనుంచి అన్నీ అందులోనే చెయ్యమంటున్నారు. రెండింట్లోనూ ఒకే పెళ్లి నన్ను ఏడిపిస్తోంది.

ప్రీమియర్‌లో ముహూర్తం ఘట్టంలో ఫోకస్ పోయిన ముక్కలు మూడుంటే రిపుల్ డిలీట్ (ముక్క తీసేసి వెనకున్నవాటిని ముందుకు జరిపేది) కొట్టాను. ఒక్కోటి రెండు సెకన్లు. చివర్లో చూస్తే పెళ్లికొడుకు మూడు ముళ్లూ వేసేశాక తీరిగ్గా గట్టిమేళం మోగుతోంది. సన్నాయి, డోలు విడిగా రికార్డర్‌లో తీసి మూడో ఆడియో ట్రాకులో పెట్టాను. సరే అని ఫైనల్ కట్‌లో మళ్లీ మొదలుపెడితే, కింద ఒక్క క్లిప్ తీసెయ్యగానే దానిపైన పెట్టిన షాటూ, దానికి అంటుకున్న సన్నాయీ కూడా పోయాయి. పెళ్లివారు ఆదివారం చూడ్డానికి వస్తున్నారు. క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్ ప్రీమియర్‌లో ట్రాకులది, ఫైనల్ కట్‌లో మాగ్నెటిక్. అసలు ఏ పద్ధతి నమ్ముకోవాలి?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట)

తమ్ముడూ, ముందు నీ ఆదివారం సంగతి చూద్దాం.

ప్రీమియర్‌లో ట్రాకు పేరు పక్కనే సింక్ లాక్ గుర్తు ఉంటుంది, అది ఉన్న ట్రాకే మిగతావాటితో కలిసి జరుగుతుంది. నీ మూడో ఆడియో ట్రాకుకి అది తీసేసి ఉంటావు. బొమ్మ మూడుసార్లు ముందుకు జరిగింది, సన్నాయి ఉన్నచోటే ఉంది. మొత్తం ఆరు సెకన్లు, అంటే మన సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 150 ఫ్రేములు. తాళి ముందు, మేళం తర్వాత అయింది అందుకే. పోనీ బొమ్మతోపాటు సన్నాయినీ అక్కడే కోస్తే? రాగం మధ్యలో తెగి ఎగిరిపడుతుంది. పెళ్లికూతురి తాతగారు కళ్లు మూసుకుని విన్నా పట్టేస్తారు. కాబట్టి ముహూర్తం దగ్గర రిపుల్ జోలికే వెళ్లకు. అన్‌డూ చేసి మామూలు డిలీట్ కొట్టు. అక్కడ గ్యాప్ మిగులుతుంది, మిగలనీ. రెండో కెమెరాలో సరిగ్గా అదే క్షణంలో తీసిన బొమ్మతో ఆ గ్యాప్ నింపు. రెండు కెమెరాల్నీ రికార్డర్‌నీ ఆడియోతో సింక్ చేసి మల్టీక్యామ్‌గా (అన్ని కెమెరాలూ ఒకే క్లిప్పుగా) కట్టుకుంటే ఇంకా సుఖం. కీబోర్డు మీద అంకెలు నొక్కుతూ కెమెరా మార్చుకుంటూ పోవడమే.

ఇక నువ్వడిగిన రెండు పద్ధతులు. ట్రాకుల టైమ్‌లైన్ రైల్లో రిజర్వేషన్ బెర్తుల్లాంటిది. తెనాలిలో ఒకాయన దిగిపోతే ఆ బెర్తు ఖాళీగా ఉంటుందే తప్ప పక్కవాళ్లు జరిగి కూర్చోరు. నువ్వు జరపమంటేనే జరుగుతారు, ఎవరెవరు జరగాలో కూడా నువ్వే చెప్పాలి. మాగ్నెటిక్ టైమ్‌లైన్ పూలదండ. ఒక పువ్వు తీసేస్తే మిగతావి దారం మీద దగ్గరకు వచ్చేస్తాయి, ఆ పువ్వుకి కట్టిన కుచ్చు దానితోపాటే పోతుంది. ఫైనల్ కట్‌లో నీకు జరిగింది ఇదే. నీ పై షాటు, సన్నాయి ఆ క్లిప్పుకి కనెక్ట్ అయి ఉన్నాయి.

అలాంటిచోట ఆప్షన్, కమాండ్ రెండూ పట్టుకుని డిలీట్ కొట్టు. క్లిప్ పోయి దాని స్థానంలో గ్యాప్ క్లిప్ వస్తుంది, అంటుకున్నవన్నీ ఆ గ్యాప్‌ని పట్టుకుని ఉన్నచోటే ఉంటాయి. క్లిప్‌ని జరిపేటప్పుడు పై షాట్లు కదలకూడదంటే, ఎస్కేప్ కింద ఉండే గ్రేవ్ మీట నొక్కిపట్టి జరుపు. పాత అలవాటు వదలట్లేదంటే ‘పి’ నొక్కితే పొజిషన్ టూల్ వస్తుంది, అప్పుడు క్లిప్పులు ట్రాకుల్లో లాగే ప్రవర్తిస్తాయి.

మా సీనియర్లలో చాలామందికి ఈ సాఫ్ట్‌వేర్ అంటే ఇప్పటికీ కోపమే. దానికి కారణం ఉంది. 2011 జూన్‌లో ఫైనల్ కట్ ప్రో పది వచ్చినప్పుడు పాత ఏడో వెర్షన్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు, మల్టీక్యామ్ లేదు. పెళ్లిళ్లు చేసేవాడికి మల్టీక్యామ్ లేకపోతే చేతులు కట్టేసినట్టే. అది 2012 జనవరిలో వచ్చింది. అప్పటికే ఎందరో వేరే దారి పట్టారు. ఆ కోపాన్ని నువ్వు మొయ్యక్కర్లేదు.

ఇంకో మాట (విజయవాడ, పటమట)

నేను ఇంటర్ ఫిజిక్స్ పాఠాల వీడియోలు ఎడిట్ చేస్తాను. నా పనికి మాగ్నెటిక్ వరమండీ. సార్ గంట మాట్లాడితే అందులో దగ్గులు, బోర్డు తుడవడాలు, తప్పు చెప్పి మళ్లీ చెప్పడాలు ఎన్నో. ఒక్కోటీ తీసేస్తుంటే పాఠం తనంతట తనే దగ్గరకు వస్తుంది, బొమ్మలూ సూత్రాలూ వాటి మాటలతోనే కదులుతాయి. ట్రాకుల్లో చేసినన్నాళ్లూ ఒక కోత కోసిన ప్రతిసారీ కింద ఏం జరిగిందోనని చివరిదాకా చూసుకోవాల్సివచ్చేది. కానీ అన్నగారు చెప్పినట్టు ముహూర్తం లాంటివి నాకు లేవు. పాఠంలో ఏ క్షణమూ గడియారంతో ముడిపడి ఉండదు.

మళ్లీ ప్రశ్న (గుంటూరు)

అన్నా, ప్రీమియర్‌లో సరైపోయింది, చాలా థాంక్స్. కానీ ఇక ముందు పెళ్లిళ్లన్నీ ఫైనల్ కట్‌లోనే కదా. ముహూర్తానికి ప్రతిసారీ అన్ని మీటలు గుర్తుపెట్టుకోవాలా?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట)

అక్కర్లేదు. దండకి దారం ఏది చెయ్యాలో నువ్వు ఎంచుకో. అందరూ అలవాటుగా బొమ్మని ప్రైమరీ స్టోరీలైన్‌లో, అంటే ప్రధాన వరుసలో, పెట్టి ఆడియోని దానికి తగిలిస్తారు. ముహూర్తం ఘట్టానికి తిరగెయ్యి. సన్నాయి రికార్డింగ్ మొత్తాన్ని ఒక్క కోతా లేకుండా ప్రైమరీలో పరిచి, షాట్లన్నీ పైన దానికి కనెక్ట్ చెయ్యి. జీలకర్ర బెల్లం షాటు తీసేసినా, తలంబ్రాల షాటు తగ్గించినా కింద మేళం ఒక్క ఫ్రేము కూడా కదలదు. అప్పగింతలు, బంధువుల మాటలు, మూడు నిమిషాల హైలైట్స్ మాత్రం మామూలుగానే బొమ్మ దారంగా చెయ్యి. అక్కడ ముక్కలు అటూ ఇటూ మార్చి చూడ్డంలో ఈ పద్ధతికి సాటి లేదు.

ట్రాకులు లేకపోతే ఆడియో కలగాపులగం అవుతుందనే భయం ఉంటే రోల్స్ వాడు, అంటే ఒక్కో క్లిప్పుకి అదేమిటో చెప్పే పేరు తగిలించు. మాటలకి ఒక రోల్, సన్నాయికి ఒకటి, పాటలకి ఒకటి. 2016లో వచ్చిన 10.3 వెర్షన్ నుంచి ఒక్కో రోల్‌కీ ఒక్కో వరుస, రంగు కనిపిస్తాయి. చూడ్డానికి దాదాపు ట్రాకుల్లాగే ఉంటాయి.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ కూడా వేసుకో. అందులో ఎడిట్ పేజీ ట్రాకుల పద్ధతి. 2019లో 16వ వెర్షన్‌తో కట్ పేజీ అని ఒకటి చేర్చారు, పైన మొత్తం వీడియో, కింద ప్లేహెడ్ (ఇప్పుడు చూస్తున్న చోటు చూపే గీత) దగ్గరి భాగం ఒకేసారి కనిపిస్తాయి. రెండు పేజీలకీ టైమ్‌లైన్ ఒకటే కాబట్టి అటూ ఇటూ మారుతూ నీ చేతికి ఏది నప్పుతుందో చూసుకోవచ్చు.

ప్రశ్న (గుంటూరు)

సన్నాయిని దారంగా పెట్టి ఫైనల్ కట్‌లోనూ చేశాను అన్నా, మేళం కదల్లేదు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. రెండో ముడి దగ్గర మొదటి కెమెరాలో ఫోకస్ లేదు, రెండో కెమెరాకి ఎవరో పెద్దాయన చెయ్యి అడ్డం వచ్చింది.

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట)

అక్కడ పెళ్లికూతురి తల్లి ముఖం గానీ, డోలు వాయించేవాళ్ల చేతులు గానీ ఉన్నాయేమో వెతుకు. చేతులైతే ఆ క్షణంలో తీసినవే కావాలి, దెబ్బ తప్పితే తెలిసిపోతుంది. తల్లి ముఖమైతే ఒక నిమిషం ముందుదైనా నప్పుతుంది. రెండు సెకన్లు చాలు. మూడో ముడికి మళ్లీ మొదటి కెమెరాకి వచ్చెయ్యి.