టీచర్లకి హ్యాష్‌ట్యాగ్‌లు నిజంగా పనికొస్తాయా? బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక సందేహం

ప్రశ్న (లెక్కల టీచర్, మారతహళ్ళి):
అందరికీ నమస్తే. ఇక్కడ సీబీఎస్ఈ స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్తున్నాను. మా ప్రిన్సిపల్ మేడమ్ "హ్యాష్‌ట్యాగ్‌లు (# గుర్తు పెట్టి రాసే పదాలు) ఫాలో అవ్వండి, చాలా నేర్చుకోవచ్చు" అన్నారు గానీ ఏవి, ఎలా అన్నది చెప్పలేదు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఎడ్యుకేషన్ అని కొడితే కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, అడ్మిషన్ పోస్టర్లు, గుడ్ మార్నింగ్ సూక్తులు తప్ప ఏమీ కనపడలేదు. దీన్ని ట్రైనింగ్ గంటల్లో వేసుకుంటారా అన్నది ఇంకో డౌటు.

జవాబు (హైస్కూల్ లెక్కల మాస్టారు, కేఆర్ పురం):
మేడమ్, గంటల సంగతి ముందు తేల్చేద్దాం. ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది, కానీ ట్యాగ్ చర్చకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు, అది కావాలంటే కేంద్ర ప్రభుత్వం వారి దీక్ష పోర్టల్‌లో కోర్సు చేసుకోండి.

పెద్ద ట్యాగ్‌లలో అమ్మేవాళ్ళే ఎక్కువ, అందుకే సబ్జెక్టు ట్యాగ్ పట్టుకోవాలి. లెక్కలకి ఐటీచ్‌మ్యాథ్, ఎంటీబీఓఎస్ ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టండి. చదివి ఊరుకుంటే పెద్దగా ఒరగదు, అడగాలి. అదీ "భిన్నాలు ఎలా చెప్పాలి" అని అడిగితే ఎవరూ పలకరు. మీ క్లాసులో ఎవడో ఒకడు 1/2 + 1/3 = 2/5 అని రాసే ఉంటాడు కదా, పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి. ఆ పేజీ ఫోటో తీసి, పేరు, రోల్ నంబరు, స్కూల్ ముద్ర కనపడకుండా కత్తిరించి, "తప్పని నేను చెప్పకుండా వాడే పట్టుకోవాలంటే ఏం అడగాలి?" అని పెట్టండి. "2/5 సగం కంటే తక్కువ కదరా, సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గిందేంటి అని అడగండి" లాంటి జవాబు ఒక్కటి వచ్చినా మర్నాటి పీరియడ్ గట్టెక్కినట్టే.

ప్రశ్న (అదే టీచర్):
ఇది బాగుంది సార్. టైము పెట్టుకుని చర్చలు కూడా జరుగుతాయట కదా?

జవాబు (ఇంగ్లీషు టీచర్, చెన్నై అన్నా నగర్):
జరుగుతాయమ్మా, గొడవంతా టైముతోనే. అమెరికా టీచర్ల చర్చ ఎడ్‌చాట్ 2009లో మొదలైంది, మంగళవారం న్యూయార్క్‌లో రాత్రి 7కి పెట్టేవారు, అంటే మనకి బుధవారం తెల్లవారుజామున 4:30, వాళ్ళ చలికాలంలో 5:30. బ్రిటన్ టీచర్ల యూకేఎడ్‌చాట్ గురువారం వాళ్ళ రాత్రి 8కి పెట్టేవారు, మనకి అర్ధరాత్రి దాటిపోయేది. నిద్ర చెడగొట్టుకోకండి. ప్రశ్నలకి క్యూ1, క్యూ2, జవాబులకి ఏ1, ఏ2 అని నంబర్లు వేస్తారు కాబట్టి ట్యాగ్‌తో పాటు ఆ నంబరు కొడితే తర్వాతైనా వరసగా చదువుకోవచ్చు. బ్రౌజర్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిస్తే తేదీ, భాష, కనీసం ఎన్ని లైకులు అన్నవి కూడా పెట్టొచ్చు, చెత్త చాలావరకు పోతుంది. ట్వీట్‌డెక్ (చాలా ట్యాగ్‌లు పక్కపక్కనే చూపించేది, ఇప్పుడు పేరు ఎక్స్ ప్రో) కొనమని ఎవరైనా అంటే వినకండి, 2023 నుంచి దానికి డబ్బు కట్టాలి, మనకంత అవసరం లేదు. ఇంకోటి, చాలామంది టీచర్లు ఎక్స్ లాంటిదే అయిన బ్లూస్కైకి వెళ్ళిపోయారు, అక్కడ ఎడ్యుస్కై ట్యాగ్ చూడండి.

ప్రశ్న (అదే టీచర్):
మన తెలుగు టీచర్లమే ఒక ట్యాగ్ పెట్టుకుంటే?

జవాబు (కేఆర్ పురం):
పెట్టుకోవచ్చు, ముందు వేరే ఎవరైనా వాడుతున్నారేమో వెతికి చూడండి, లేకపోతే మన లెక్కల మధ్య ఏ సినిమా ఫ్యాన్స్ పోస్టులో వచ్చి పడతాయి. ఖాళీ గానీ హైఫన్ గానీ వస్తే ట్యాగ్ అక్కడితో తెగిపోతుంది, ఉత్త అంకెలతో అసలు ట్యాగే అవదు. ఇంగ్లీషులో అయితే ప్రతి పదానికీ మొదటి అక్షరం పెద్దది పెట్టండి, చూపు లేని టీచర్లు వాడే స్క్రీన్ రీడర్ అప్పుడే విడివిడిగా చదువుతుంది. పిల్లల మొహాలు మాత్రం వద్దు మేడమ్, 18 లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా చట్టంలోనే ఉంది.

ప్రశ్న అడిగిన టీచర్:
థాంక్స్ సార్, థాంక్స్ అమ్మా. 6-బి నోట్‌బుక్‌లు ఇంట్లోనే ఉన్నాయి, 2/5 గాళ్ళు అందులో కనీసం నలుగురుంటారు. ఈ రాత్రే ఒకటి పెడతాను, చూసి ఇంగ్లీషు సరిచేయండి.