మొదటి ఊలు టోపీని క్రోషేతో అల్లుకోవడం: మినియాపోలిస్‌కు కొత్తగా వచ్చిన సోదరి ప్రశ్న, సమాధానాలు

మినియాపోలిస్ నుంచి

పెద్దలందరికీ నమస్కారం. నేను ఆగస్టులో పాలకొల్లు నుంచి ఇక్కడికి వచ్చాను. మావారు ఉద్యోగానికి వెళ్ళాక పగలంతా నాకు తీరికే. చలి ముదిరేలోగా మా ఇద్దరికీ ఊలు టోపీలు నేనే క్రోషేతో, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో, అల్లాలని ఉంది. మా అమ్మమ్మ నరసాపురం లేసు అల్లేది. ఆవిడ ఇచ్చిన సన్నటి స్టీలు సూది నా దగ్గర ఉంది కానీ, నాకు చైను వేయడం తప్ప మరేమీ రాదు. ఆ సూదితోనే మొదలుపెట్టవచ్చా? ఏ ఊలు కొనాలి? ముందు మఫ్లరు అల్లి, చేయి తిరిగాక టోపీ జోలికి వెళ్ళమని ఒకరు చెప్పారు. అది మంచి సలహాయేనా?

సెయింట్ పాల్ నుంచి

చెల్లెమ్మా, మీ అమ్మమ్మగారి సూదిని భద్రంగా దాచుకోండి, కానీ టోపీకి అది పనికిరాదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండు మిషనరీలు నేర్పగా గోదావరి తీరాన స్థిరపడి, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన మన లేసు పని సన్నని నూలు దారంతో జరుగుతుంది. ఆ సూది కొక్కెంలో మందపాటి ఊలు పట్టదు. అయితే మీరు చిన్నప్పటి నుంచి చూసిన ఆ చేతి కదలికే ఇక్కడా కావాలి. ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి దారాన్ని మరీ బిగించకుండా, మరీ వదిలేయకుండా అందించడమే ఈ పనిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే విద్య. అరటినారతో మాల కట్టడం వచ్చినవారికి అది త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

కొనవలసినవి తక్కువే. ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద చిన్న బొమ్మలో ఊలు మందాన్ని తెలిపే ఒక అంకె ఉంటుంది. అది 4 అయి ఉండేలా చూసుకోండి. దానికి 5.5 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది తీసుకోండి. దాని మీద ఐ-9 అని కూడా ఉంటుంది. చివర కొసలను లోపలికి కుట్టడానికి పెద్ద కన్నున్న మొద్దు సూది, కొలతకు టేపు ఉంటే చాలు. చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోవడానికి ఇంట్లో ఉన్న పిన్నీసు సరిపోతుంది. పెద్దవారి టోపీకి సాధారణంగా 100 గ్రాముల ఊలు పడుతుంది. జోయాన్ దుకాణానికి వెళ్ళమని పాత సలహాలు కనిపిస్తాయి కానీ, ఆ దుకాణాలు 2025లో మూతపడ్డాయి, మైకేల్స్‌లో చూడండి. మొదటి టోపీకి నలుపు, ముదురు నీలం, నూగుగా ఉండే ఊలు వద్దు. వాటిలో కుట్టు కంటికి కనబడదు; కనబడని కుట్టును లెక్కపెట్టలేరు, విప్పి సరిచేయనూ లేరు.

మఫ్లరు సలహాతో నేను ఏకీభవించను. మఫ్లరులో ప్రతి వరుసకూ రెండు కొసలు ఉంటాయి. కొత్తవారు కుట్లు పోగొట్టుకునేది సరిగ్గా ఆ కొసల దగ్గరే. పైగా అది వారాల తరబడి సాగి విసుగు పుట్టిస్తుంది. టోపీ గుండ్రంగా తిరుగుతూ పోయే పని కాబట్టి ఆ బాధ లేదు, రెండు మూడు సాయంత్రాల్లో పూర్తవుతుంది. దానికి ముందు అరచేయంత ముక్కను నాలుగైదు సార్లు అల్లి విప్పండి. ఆ ఊలు మళ్ళీ పనికొస్తుంది.

ఇక నేను ఎంతో శ్రమపడి తెలుసుకున్న సంగతి చెబుతాను. కుట్ల పేర్లు అమెరికాలో ఒకటి, బ్రిటన్‌లో మరొకటి. అమెరికావారు సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టునే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ అక్కడ ట్రెబుల్. బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉన్న మా పిన్ని పంపిన కాగితంలో డబుల్ అని చూసి నేను అమెరికా పద్ధతిలో పొడుగు కుట్టు వేశాను. పొట్టి కుట్టుకు చుట్టుకు 6 చొప్పున పెంచితే బల్లపరుపు బిళ్ళ వస్తుంది. పొడుగు కుట్టుకు 12 కావాలి. నేను 6 చొప్పునే పెంచాను కాబట్టి అది టోపీ కాలేదు, గరాటులా పైకి లేచింది. తప్పు నా చేతిలోనే ఉందనుకొని మూడుసార్లు విప్పి అల్లి, ఆ శీతాకాలమంతా సూది ముట్టలేదు. అందుకే ఏ నమూనా చదివినా ముందు అది ఏ దేశపు పేర్లతో రాశారో చూడండి.

మీకు నేను సూచించేది అమెరికాలో హాఫ్ డబుల్ అనే కుట్టు. ఊలును సూదికి ఒకసారి చుట్టి, కిందటి వరుస కుట్టులోకి దూర్చి, ఒక పోగు పైకి లాగితే సూది మీద మూడు పోగులు ఉంటాయి; మళ్ళీ ఊలు చుట్టి ఆ మూడింటిలోంచీ ఒకేసారి లాగాలి. నాలుగు చైన్లు వేసి కొసలు కలిపి చిన్న వలయం చేసి, అందులో 10 కుట్లు వేయండి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 20 అవుతాయి. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, దాని పక్క కుట్టులో రెండు చొప్పున వేస్తే 30. ఆపైన రెండు మామూలు కుట్లకు ఒక పెంపు (ఒకే కుట్టులో రెండు వేయడం), తరువాత మూడింటికి ఒకటి. అలా చుట్టుకు 10 చొప్పున పెరుగుతూ ఏడో చుట్టుకు 70 అవుతాయి. ప్రతి చుట్టు చివరా ఆగి లెక్కపెట్టండి. ఇందులో మాత్రం బద్ధకించవద్దు.

ఎక్కడ పెంపు ఆపాలో నిర్ణయించేది కుట్ల లెక్క కాదు, తల కొలత. నుదుటి మీదుగా చెవుల పైనుంచి టేపు చుట్టి చూడండి. 56 సెంటీమీటర్లు వస్తే టోపీ 52 ఉండాలి, ఎందుకంటే అల్లిక సాగుతుంది. 52ను 3.14తో భాగిస్తే సుమారు 16.5. మీ బిళ్ళ వ్యాసం అంతకు రాగానే పెంపులు మానేసి, కుట్టుకొక కుట్టు చొప్పున కిందికి అల్లుకుంటూ పోతే గోడ దానంతటదే దిగుతుంది. నడినెత్తి నుంచి అంచు వరకు 21 సెంటీమీటర్లు వచ్చాక ఆపండి. బిళ్ళ అంచు వేగిన అప్పడంలా మెలికలు తిరిగితే పెంపులు ఎక్కువయ్యాయని, గిన్నెలా ముడుచుకుంటే తక్కువయ్యాయని గ్రహించి ఒక చుట్టు విప్పండి. లెక్క సరిగ్గా ఉండీ కొలత తప్పితే మీ చేతి బిగువు వేరని అర్థం. బిగుతుగా వస్తే 6 మిల్లీమీటర్ల సూదికి, వదులుగా వస్తే 5కు మారండి.

విన్నిపెగ్ నుంచి

అక్కగారు చెప్పిన లెక్కలకు నేను చేర్చేది లేదు కానీ, మా ఊరి చలి చూసినవాడిగా ఒక మాట మనవి చేస్తాను. క్రోషే అల్లికలో సందులు ఉంటాయి. సున్నాకు 20 డిగ్రీల కిందికి పోయి గాలి వీచిన రోజున ఆ సందులు చెవులకు తెలుస్తాయి. టోపీని మరో 6 సెంటీమీటర్లు పొడవుగా అల్లి అంచును పైకి మడిస్తే చెవుల మీద రెండు పొరలు వస్తాయి. మొదటిది యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలుతోనే అల్లండి. చవక, మెషీన్లో ఉతకవచ్చు, కానీ ఇస్త్రీ పెట్టెకు దూరంగా ఉంచండి, కరిగిపోతుంది. రెండోది అసలైన గొర్రె ఉన్నితో అల్లండి, అది కొద్దిగా తడిసినా వెచ్చదనం పోనివ్వదు. వేడినీళ్ళలో ఉతికితే మాత్రం ముడుచుకొని పసిపిల్ల టోపీ అయిపోతుంది.

మినియాపోలిస్ నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. సూది, లేత పసుపు ఊలు కొన్నాను. నాలుగో చుట్టులో 40కి బదులు 37 వచ్చాయి, విప్పి మళ్ళీ వేశాను. మరో మూడు సందేహాలు. పక్కింటివారికి జనవరిలో పాపాయి పుట్టబోతోంది, బుల్లి టోపీ ఇవ్వవచ్చా? చేయి తిరిగాక ఆన్‌లైన్లో అమ్మవచ్చా? నాకు ఒత్తయిన జడ ఉంది, ముడి వేసుకుంటే టోపీ పైకి లేచిపోదా?

సెయింట్ పాల్ నుంచి

చెల్లెమ్మా, 37 వచ్చాయని మీరే కనిపెట్టారంటే అసలు పని వచ్చేసినట్టే. అమ్మకం సంగతి ముందు చెబుతాను. మీరు ఉద్యోగ వీసాదారుల కుటుంబ సభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉండి, పని అనుమతి పత్రం లేకపోతే, ఇంట్లో అల్లి అమ్మినా అది పని కిందకే వస్తుంది. వీసా వ్యవహారాలు చూసే న్యాయవాదిని అడగకుండా ఒక్క టోపీ కూడా అమ్మకానికి పెట్టవద్దు. కానుకగా ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, కాబట్టి బిళ్ళ 10 సెంటీమీటర్లు రాగానే పెంపులు ఆపండి. గుండీలు, పూసలు, మెడకు కట్టే తాళ్ళు పెట్టవద్దు. ఇంట్లో నిద్రపోయే శిశువుకు టోపీ వేయవద్దని ఇక్కడి పిల్లల వైద్యులు చెబుతారు, ఒళ్ళు వేడెక్కుతుందని. మన ఇళ్ళలో పసిబిడ్డ తల ఎప్పుడూ కప్పి ఉంచడం అలవాటు కదా, అందుకే ఇది బయటికి వెళ్ళేటప్పటికి మాత్రమేనని చెప్పి ఇవ్వండి.

జడను మెడ దగ్గర వదులుగా వేసి కోటు లోపలికి తోసుకుంటే మామూలు టోపీయే సరిపోతుంది, జనవరిలో అదే వెచ్చన. నడినెత్తి మీద ముడి వేసుకునే అలవాటుంటే, నాలుగు చైన్ల వలయానికి బదులు జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండు చుట్టూ 30 కుట్లు వేయండి. అది మూడో చుట్టుతో సమానం కనుక, అక్కడి నుంచి 40, 50 అంటూ మామూలుగా సాగిపోవచ్చు. ముడి ఆ రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఊలు రాపిడికి వెంట్రుకలు తెగుతాయి, తలకు నూనె పెట్టిన రోజున టోపీకి జిడ్డు అంటుతుంది. అందుకని పాత పట్టు జాకెట్టు గుడ్డను అస్తరుగా వేసుకోండి. గుడ్డ అల్లికలా సాగదు కాబట్టి దాన్ని టోపీ కొలతకు కాకుండా తల కొలతకు మించి కొంచెం వదులుగా కత్తిరించి, సన్నగా కుచ్చులు పెడుతూ లోపలి అంచుకు దూరదూరంగా కుట్టండి.