గట్టిగా తగిలిందని నరం ఎలా చెబుతుంది? ఇంపల్స్‌ల వేగం (సెకనుకు ఎన్ని పుడుతున్నాయన్నది) ఒక్కటే సరిపోతుందా?

బైపీసీ నాన్న:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. నిన్న రాత్రి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. వేలు గోరువెచ్చని నీళ్లలో పెట్టినా, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా నాడీ తంతువులో పుట్టే ఇంపల్స్ (కబురు మోసే చిన్న విద్యుత్ తట్టు) ఒకే సైజులో ఉంటుందట. సుమారు 100 మిల్లీవోల్టులు, ఒక మిల్లీసెకను. పుడితే పూర్తిగా పుడుతుంది, లేదంటే అసలు పుట్టదు. మరి ఎక్కువ తక్కువల తేడా మెదడుకు తెలిసేదెలా? నోట్స్‌లో "ఇంపల్స్‌ల సంఖ్య పెరుగుతుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మొత్తం జవాబు అదేనా? తను ఒప్పుకోవడం లేదు, నాకూ తృప్తిగా లేదు.

జువాలజీ మాస్టారు:
జవాబు అదేనండీ. ఆ వాక్యం వెనకున్న పని చెప్పకపోవడం వల్లే వెలితిగా అనిపిస్తోంది. 1926లో కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్, స్వీడన్ నుంచి వచ్చిన ఇంగ్వే జోటర్‌మన్ కలిసి కప్ప కండరం ఒకటి తీసుకున్నారు. సాగదీస్తే కబురు పంపే గ్రాహకాలు అందులో కొన్నే ఉంటాయి. కండరాన్ని కొద్దికొద్దిగా కోసేస్తూ పోయి, చివరికి ఒకే గ్రాహకం, దాని ఒక్క తంతువు మిగిలేలా చేశారు. తర్వాత బరువులు వేలాడదీశారు. బరువు పెరిగినా ఇంపల్స్ ఎత్తు మారలేదు. సెకనుకు ఎన్ని వస్తున్నాయన్నదే పెరిగింది. ఏడ్రియన్‌కు 1932లో నోబెల్ వచ్చింది. ఒక్క తంతువు మాట విడిగా వినగలిగాక ఇంకా సందేహం ఎందుకు?

ఈఎంజీ టెక్నీషియన్:
మాస్టారూ, ఈఎంజీ అంటే కండరంలోని విద్యుత్తును చూసే పరీక్ష. అందులో నేను రోజూ చెవులారా వింటున్నది చెబుతాను. కండరంలోకి సన్న సూది పెట్టి, మెషిన్ స్పీకర్ ఆన్ చేసి, "కొంచెం బిగించండి" అంటాం. టక్... టక్... టక్. ఒకే మోటార్ యూనిట్ (ఒక నాడీకణం, అది నడిపే కండర తంతువులు), స్క్రీన్ మీద ఒకే ఆకారం మళ్లీ మళ్లీ. "ఇంకొంచెం" అంటే టక్కులు దగ్గరపడతాయి. అక్కడిదాకా మీరన్నది నిజమే. ఆ వెంటనే వేరే చప్పుడుతో రెండోది చేరుతుంది, తర్వాత మూడోది. పూర్తి బలం పెట్టేసరికి రేకుల షెడ్డు మీద వానే, ఏది ఏదో విడదీయలేం. నరం దెబ్బతిన్నవాళ్లలో యూనిట్లు కొన్నే మిగులుతాయి. అవి పాపం ఒంటరిగా టకటకా చాలా వేగంగా కొట్టుకుంటాయి, అయినా చేతికి బలం రాదు. వేగం ఒక్కటే చాలితే ఆ మనిషి నీళ్ల చెంబు ఎత్తగలగాలి కదా?

జువాలజీ మాస్టారు:
మీరు చెప్పింది కండరానికి వెళ్లే ఆజ్ఞ. పాప అడిగింది చర్మం నుంచి, చెవి నుంచి లోపలికి వచ్చే కబురు గురించి. రెండూ కలపకండి.

పూసల డబ్బా అమ్మ:
లోపలికి వచ్చేదే చెబుతాను. మా బాబుకు మూడేళ్లప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి నరానికి కరెంటుతో శబ్దం అందించే మెషిన్) పెట్టారు. మ్యాపింగ్‌కు, అంటే ఆ మెషిన్‌లో కరెంటు ఎంత ఉండాలో సరిచూడటానికి వెళ్తే బాబు చేతికి ఒక పూస ఇస్తారు, శబ్దం వినపడగానే డబ్బాలో వేయాలి. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) కంప్యూటర్‌లో కరెంటు ఒక్కో మెట్టు పెంచుతారు. మొదట వాడు కదలడు. ఓ మెట్టు దగ్గర కళ్లు పెద్దవి చేసి పూస టంగున పడేస్తాడు. ఇంకా పెంచితే మొహం చిట్లిస్తాడు, అక్కడ ఆపేస్తారు. సెకనుకు పల్స్‌లు (మెషిన్ ఇచ్చే కరెంటు తట్లు) పెంచుతున్నారా అని అడిగాను. "లేదమ్మా, ఒక్కో ఎలక్ట్రోడ్‌కు 900 అలాగే ఉన్నాయి, పల్స్‌లో కరెంటే పెరుగుతోంది" అన్నారు. ఎక్కువ కరెంటు ఎక్కువ దూరం పాకి ఎక్కువ తంతువుల్ని లేపుతుందట. ఇక్కడ లెక్క ఎంతమంది లేచారన్నది కదా మాస్టారూ?

జువాలజీ మాస్టారు:
అమ్మా, కొత్త తంతువులు చేరుతున్నాయన్నది కాదనలేను. నా మొదటి మాట అంతవరకు సరిదిద్దుకుంటాను. కానీ పల్స్ పంపిన ప్రతిసారీ ప్రతి తంతువూ పలకదు. కరెంటు తక్కువగా ఉంటే కొన్ని పల్స్‌లకే పలుకుతుంది, పెంచితే ఇంకా ఎక్కువ వాటికి. మెషిన్ 900 దగ్గరే ఉన్నా తంతువు వేగం మారుతుంది.

సిగ్నల్స్ ఇంజనీర్:
మీరంతా లెక్కపెట్టడం గురించే మాట్లాడుతున్నారు. లెక్కపెట్టడానికి టైమ్ ఏదీ? సెకనుకు 50కీ 100కీ తేడా ఒక్క తంతువులో తెలియాలంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగాలి. 1996లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో సైమన్ థోర్ప్ బృందం మనుషులకు ఫొటోను 20 మిల్లీసెకన్లే చూపించి, అందులో జంతువు ఉందా అని అడిగింది. ఫొటో పడిన 150 మిల్లీసెకన్లకే మెదడు తరంగాల్లో తేడా కనిపించింది. ఈలోపు కబురు కంటి నుంచి ఎన్నో అంచెలు దాటాలి. ఒక్కో అంచెలో ఒక కణానికి ఒకటో రెండో ఇంపల్స్‌లు పంపే వ్యవధే ఉంటుంది. కాబట్టి ఎవరు ముందు పలికారన్నదే కబురు. ఉద్దీపన (నరాన్ని తట్టి లేపేది) బలంగా ఉన్న చోట మొదటి ఇంపల్స్ త్వరగా పుడుతుంది. 2004లో స్వీడన్‌లో యోహాన్సన్, బిర్జ్‌నీక్స్ మనుషుల వేలికొనల తంతువుల్ని పరిశీలించారు. బలం ఏ దిశ నుంచి వచ్చిందో తంతువుల మొదటి ఇంపల్స్‌ల వరసలోనే ఉందని చూపించారు. తడి గ్లాసు చేతిలోంచి జారుతుంటే సెకనుకు ఎన్ని అని చూసే తీరిక ఉంటుందా? పైగా ఏడ్రియన్ ప్రయోగంలోనే బరువు అలాగే ఉంచితే వేగం తగ్గుతూ వచ్చింది. బరువు మారలేదు, వేగం మారింది. మరి వేగం బరువును చెప్పినట్టా?

జువాలజీ మాస్టారు:
ఆ చివరి మాట నా పక్షానికే పనికొస్తుంది బాబూ. పొద్దున పెట్టుకున్న వాచీ పది నిమిషాలకు చేతి మీద ఉన్నట్టే అనిపించదు. వేగం తగ్గింది, మనకు తెలియడమూ తగ్గింది. జారే గ్లాసు విషయంలో మీరన్నది సరే, అక్కడ ముందు పలికినవాడి మాటే చెల్లుతుంది. తలనొప్పి పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఉంటే అక్కడ "మొదటిది" ఏది? దానికి వేగమే కావాలి.

బైపీసీ నాన్న:
ఇదంతా చదివి మా అమ్మాయి ఇంకోటి పట్టుకుంది. కంట్లో వెలుతురును పట్టే కణాలు, రాడ్లు, కోన్లు అసలు ఇంపల్సే పంపవట కదా? వెలుతురు కొద్దీ వోల్టేజి మారుతుందట. మరి వాటి సంగతేంటి?

జువాలజీ మాస్టారు:
పాప సరిగ్గా చెప్పింది. పక్క కణం వెంట్రుకవాసి దూరంలోనే ఉంది, అక్కడిదాకా వోల్టేజి తగ్గకుండా చేరుతుంది, ఇంపల్స్ అవసరం లేదు. కంటి నుంచి మెదడుదాకా పోవాల్సిన కణాలకే అది కావాలి. చెవిలోని రోమకణాలూ అంతే, ఇంపల్స్ లేకుండా శబ్దం కొద్దీ వోల్టేజి మార్చుకుని పక్కనున్న నరానికి అందిస్తాయి. ఆ బాబుకు పెట్టిన మెషిన్ ఆ కణాల్ని దాటేసి నేరుగా నరాన్నే తడుతుంది. అందుకే అక్కడ ఎంత గట్టిగా తట్టాలో ఎవరో ఒకరు మెట్టు మెట్టుగా పెంచుతూ వాడినే అడగాల్సి వస్తోంది.