పార్థెనాన్‌లో కొత్త పాలరాయి చేర్చడం సబబేనా?

శిథిలప్రియుడు:
గత వేసవిలో ఏథెన్స్ వెళ్లి ఆక్రోపోలిస్ కొండ ఎక్కాను. క్రీ.పూ. 447లో మొదలై 432 నాటికి శిల్పాలతో సహా పూర్తయిన ఏథీనా దేవత గుడి పార్థెనాన్‌ను చూడబోయిన నాకు, తేనెరంగు తిరిగిన స్తంభాల మధ్య నిన్న చెక్కినట్టున్న తెల్లని అతుకులు, వాటి పక్కనే పరంజా కనిపించాయి. 1687లో వెనీస్ సైన్యపు గుండు తగిలి, ఒట్టోమన్లు లోపల నిల్వచేసిన మందుగుండు పేలి గుడి కూలడం కూడా చరిత్రే కదా. పడినవాటిని పడినట్టే ఉంచి, నిలిచినవి పడకుండా చూస్తే చాలదా?

రాతిలెక్క:
నిలిచినవి పడకుండా చూడటంలోనే చిక్కంతా ఉందండీ. 1898 నుంచి 1933 వరకు మరమ్మతులు చేయించిన ఇంజనీరు నికోలాస్ బలానోస్ రాళ్లను ఇనుప పట్టీలతో బిగించారు. ప్రాచీనులు వాడిందీ ఇనుమే, కాని వారు దాని చుట్టూ సీసం కరిగించి పోసి తేమ తగలకుండా చేశారు. బలానోస్ ఆ జాగ్రత్త తీసుకోకపోవడంతో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పాలరాతిని లోపలి నుంచి చీల్చింది. 1975లో ఏర్పడిన పరిరక్షణ సంఘం ఆ రాళ్లను విప్పక తప్పలేదు. విప్పిన తర్వాత, ఈసారి టైటానియంతో, మళ్లీ కట్టకా తప్పలేదు.

ఇక కట్టడం సంగతి. ఈ గుడిలో నిక్కమైన సరళరేఖ దాదాపు లేదు. పీఠం పొడవు వైపు నడుమ సుమారు 11 సెంటీమీటర్లు, వెడల్పు వైపు సుమారు 6 సెంటీమీటర్లు పైకి ఉబ్బుతుంది. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలుతాయి. మూల స్తంభాలు మిగతావాటికంటే కాస్త లావు. ఆ వంపు స్తంభాల మీది దూలాల దాకా పాకుతుంది కనుక, చూపుకు ఒకేలా ఉన్న రాళ్లకు కూడా కొలతల్లో తేడా ఉంటుంది, ఒక్కొక్కదానికీ ఒక్కటే చోటు. బలానోస్ ఉత్తరపు వరుస నిలబెట్టినప్పుడు చాలా దిమ్మెలు తమవి కాని చోట్ల చేరాయి. తర్వాతి మరమ్మతుల్లో పనిచేసిన వాస్తుశిల్పి మనోలిస్ కోరెస్, ఆయనతో పనిచేసినవారు ఒక్కొక్క రాతినీ కొలిచి వాటి అసలు స్థానాలు తేల్చారు. నేల మీద చెల్లాచెదురుగా పడి ఉంటే ఈ నేర్పు ఎవరి కంటికి ఆనుతుంది? మీరు మూలన వంగి మెట్టు అంచు వెంబడి చూశారో లేదో!

తెల్లని అతుకులు పొరపాటున మిగిలినవి కావు. కొత్త భాగం కొత్తదిగా తెలియాలన్నది పాత కట్టడాల పరిరక్షణపై 1964లో కుదిరిన వెనీస్ ఒప్పందపు నియమం. కొత్తదీ పాత రాయి వచ్చిన పెంటెలీ కొండ రాయే కాబట్టి కాలక్రమాన రంగు కలుస్తుంది.

మూడోమెట్టు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఈ కట్టడం దాదాపు వెయ్యేళ్లు చర్చిగా, ఆ తర్వాత మసీదుగా ఉంది. పశ్చిమపు గదిలో మినారు మెట్ల అడుగుభాగం నేటికీ మిగిలి ఉంది. ఏ రాయిని ఈ గుడి కట్టించిన ఏథెన్స్ నాయకుడు పెరికిలీస్ నాటి చోటికి చేర్చినా, తర్వాతివారు దాన్ని వాడుకున్న తీరు కొంత చెరిగిపోతుంది. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి కట్టినప్పుడు ఈ చిక్కు ఇంతగా లేదు, ఎందుకంటే అక్కడ శివుడు నేటికీ పూజలందుకుంటున్నాడు. ఇక్కడ ఏథీనాకు పూజారి లేడు, ఏ కాలాన్ని నిలబెట్టాలో నిర్ణయించేది సంఘమే.

రాతిలెక్క:
ఒప్పుకుంటాను. అందుకే మినారు మెట్లను కదపకూడదనే వైపే నేనూ ఉంటాను.

శిథిలప్రియుడు:
మెట్టు అంచు వెంబడి చూడలేదండీ, తాడు కట్టి దగ్గరికి పోనివ్వలేదు. స్తంభాల సంగతిలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను: తప్పుచోట ఉన్న రాతిని సరైన చోట పెట్టడం మరమ్మతే. పేలుడుకు కూలిన గర్భగుడి పక్కగోడలను లేపడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేను. ఆ ఖాళీలోంచే ఆ రోజు నాకు అవతలి కొండలు కనిపించాయి.