ఏడో నెల పాపకు వాకర్: పెట్టె విప్పాలా, తిప్పి పంపాలా?

నయీంనగర్ పాప అమ్మ
మాది హనుమకొండ. రెండో అంతస్తులో అద్దె ఇల్లు. పాపకు ఏడో నెల నడుస్తోంది. దిండ్లు పెడితే కూర్చుంటోంది, మొన్ననే పొట్టతో పాకడం మొదలుపెట్టింది. పుట్టినప్పుడు కొన్నవేవీ ఇప్పుడు అక్కరకు రావట్లేదు. గొడుగు దోమతెరను కాలితో తన్ని బోర్లా పడేస్తోంది. ఉయ్యాలలో పడుకోబెడితే లేచి అంచు పట్టుకుని తల బయటికి పెడుతోంది.

అన్నం ముట్టించిన రోజు మా వదిన (మా ఆయన అక్క) వాకర్ తెచ్చారు, మధ్యలో పిల్లను కూర్చోబెట్టే చక్రాల బండి. పాటలు, లైట్లు అన్నీ ఉన్నాయి. ఆర్నెల్ల టీకాకు వెళ్లినప్పుడు పిల్లల డాక్టర్ మాత్రం "వాకర్ తప్ప ఏదైనా కొనుక్కోండి" అన్నారు. ఎందుకని అడిగేలోపే తర్వాతి నంబర్ పిలిచారు. పెట్టె ఇంకా విప్పలేదు. అత్తమ్మ రోజూ ఆ పెట్టె వైపు చూస్తారు, తర్వాత నా వైపు చూస్తారు. నేను దాచుకున్న ఐదు వేలు వేరే ఉన్నాయి. ఈ వయసుకు నిజంగా పనికొచ్చేవి ఏంటో, వాకర్ సంగతి ఏంటో చెప్పండి.

పోచమ్మ మైదాన్ నానమ్మ
బిడ్డా, మా మనవలిద్దరూ వాకర్‌లోనే తిరిగారు. ఒకడు ఇప్పుడు ఖోఖో ఆడతాడు. కాళ్లు వంకర పోలేదు, నడుము పట్టలేదు. డాక్టర్లు ముందు ఉయ్యాల వద్దన్నారు, తర్వాత కాటుక వద్దన్నారు, ఇప్పుడు ఇది. ఆడబిడ్డ ప్రేమతో తెచ్చింది, విప్పు. లేకుంటే ఆ పెట్టె నీ కాపురంలో పదేళ్లు కూర్చుంటది.

నైట్ డ్యూటీ
అమ్మా, కాటుక విషయంలో డాక్టర్లు చెప్పింది నిజమే, అది వేరే చర్చ.

నేను వరంగల్‌లోనే స్టాఫ్ నర్సుని. డాక్టర్ ఎందుకు వద్దన్నారో నాకు తెలిసినంత చెప్తాను. వాకర్‌లో పిల్ల ఒక్క సెకనులో మూడడుగుల పైనే వెళ్లగలదు. మీరు పక్కనే ఉన్నా సరే, చాయ్ గ్లాసు కింద పెట్టి లేచేలోపు పిల్ల గడప దగ్గర ఉంటుంది. పాకే పిల్ల అంత వేగంగా పోలేదు. రెండోది, నేల మీదున్న పిల్ల చెయ్యి టేబుల్ అంచుకు అందదు, వాకర్‌లో ఉన్న పిల్ల చెయ్యి అందుతుంది. టేబుల్ మీది గుడ్డ లాగుతుంది, దాని మీద ఏముంటే అది మీద పడుతుంది. మన ఇళ్లలో అన్నం వార్చిన గంజి, పప్పు గిన్నె కిందనే పెడతాం, ఇంకా ప్రమాదం.

కెనడాలో 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించారు, పాతవి అమ్మినా నేరమే. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా లెక్క తీస్తే, పదిహేను నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వచ్చారు. అందులో నూటికి 90 మందికి దెబ్బ తలకో మెడకో తగిలింది. దాదాపు ముప్పావు వంతు మెట్ల మీద నుంచి పడినవే. మీది రెండో అంతస్తు అన్నారు. అందుకే ఇంత పొడుగు రాశాను.

కాజీపేట క్వార్టర్స్
నర్సమ్మ గారూ, లెక్కలు మంచివే. కానీ ముప్పావు వంతు మెట్ల మీద నుంచి పడితే, మెట్లు లేని ఇంటికి ఆ లెక్క వర్తించదు కదా? అమెరికాలో ఇంట్లోనే మెట్లుంటాయి. మాది కింది క్వార్టర్, బండలు సమంగా ఉన్నాయి, తలుపు వేసేస్తాం. మా బాబుకు పదో నెల, రోజుకు అరగంట వాకర్‌లో ఉంటాడు, గోల చేయడు. ఇంకో మాట, అమెరికా వాళ్లు నిషేధించలేదు. 2010లో గట్టి నిబంధనలు పెట్టారు, ఆ తర్వాత దెబ్బలు తగ్గాయి కూడా. అంటే తప్పు వాకర్‌ది కాదు, చెత్త వాకర్‌ది.

నైట్ డ్యూటీ
తగ్గాయి, ఒప్పుకుంటాను. ఆ నిబంధన ప్రకారం మెట్టు అంచుకు రాగానే వాకర్ ఆగిపోవాలి. మీ దానికి అడుగున అలాంటి పట్టు ఉందా? తిప్పి చూసి చెప్పండి అన్నా.

కాజీపేట క్వార్టర్స్
లేదు.

స్టేషన్ రోడ్డు షాపు
నేను పిల్లల సామాన్లు అమ్ముతాను, కాబట్టి నా మాట సగమే నమ్మండి. వాకర్ మా దగ్గర బాగా పోయే సరుకు. అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, మేనమామ వస్తే వాకర్, మేనత్త వస్తే వాకర్. ఒకే పిల్లకు మూడు వచ్చిన ఇల్లు నాకు తెలుసు. అడుగున రబ్బరు బ్రేకులున్న మోడల్ కూడా ఉంది, మూడు నాలుగు వందలు ఎక్కువ. ఏళ్లుగా అమ్ముతున్నాను, దాన్ని అడిగి కొన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరూ అడిగేది ఒకటే, "పాట ఎంత గట్టిగా వస్తది?"

చెల్లె, పెట్టె విప్పకపోతే, బిల్లుంటే, చాలా షాపుల్లో మార్చి ఇస్తారు. డబ్బులు తిరిగి ఇవ్వరు. ఒక్కదానివే పోకు, మీ వదినను కూడా తీసుకుపో.

వంటింటి కాపలా
అందరూ వాకర్ వద్దంటున్నారు, సరే. నాకు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. మా ఆయన కరీంనగర్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. ఇంట్లో నేను, తొమ్మిది నెలల బాబు. అన్నం, కూర చేయడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు పిల్లాణ్ని ఎక్కడ పెట్టాలి? చంకలో పెట్టుకుని పోపు వేయనా? వాకర్‌లో పెట్టి కళ్ల ముందు ఉంచుకున్నాను. ఎవరైనా వచ్చి ఎత్తుకుంటామంటే ఇవాళే అమ్మేస్తాను.

ఇద్దరి తల్లి, హన్మకొండ చౌరస్తా
ఈ చర్చ మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. వాకర్ కొనేది పిల్ల నడవాలని కాదు, తల్లి చేతులు ఖాళీ కావాలని. అది తప్పు కాదు. చేతులు ఖాళీ చేసే వస్తువుకు చక్రాలెందుకు అన్నదే నా ప్రశ్న.

నేను పెద్దవాడికి వాకర్ కొన్నాను, చిన్నదానికి కొనలేదు. చిన్నదాని విషయంలో నాకు బాగా పనికొచ్చింది మడత పెట్టే ప్లాస్టిక్ కంచె. ప్లే పెన్ అంటారు. పాతది సగం ధరకు దొరికింది. వంటింటి గుమ్మానికి ఎదురుగా, పొయ్యికి దూరంగా వేసి, లోపల రెండు గిన్నెలు, ఒక గరిటె పడేసేదాన్ని. నన్ను చూస్తూ వాయించేది. ఇరవై నిమిషాలు ఆడేది, పది నిమిషాలు ఏడ్చేది, తర్వాత మళ్లీ ఆడేది. ఏడుపు వాకర్‌లో కూడా ఉంటుంది, అబద్ధం చెప్పను. అదైనా గంటకు మించి ఒకే చోట కట్టి ఉంచొద్దు. కుర్చీ, స్ట్రోలర్ (పిల్లను కూర్చోబెట్టి తోసే బండి), వీపున కట్టుకోవడం, దేనికైనా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన హద్దు అదే.

ఇక ఐదు వేల సంగతి. నేనైతే ముందు నేలకు ఖర్చు పెడతాను. పాకే పిల్లకు నేలే బడి. మన బండలు చలికాలం జిల్లుమంటాయి, తడి కాలితో జారతాయి. రబ్బరు మ్యాట్ ముక్కలు కొన్నాను, పెద్దవాడు అంచులు కొరికి మింగబోయాడు. చివరికి కొత్తవాడకు పోయి మందపాటి జంపఖానా తెచ్చుకున్నాను. మన వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకన్న ముద్ర) వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఇంట్లో మాత్రం ప్లాస్టిక్ చాపలు పరుస్తాం. నూలుది, ఉతకొచ్చు, పిల్ల మోకాళ్లు ఒరుసుకుపోవు. పాలు కక్కితే నానబెట్టి ఎండకు వేయడమే. ఒక్కటే ఇబ్బంది, ఆరడానికి వానాకాలంలో రెండు రోజులు పడుతుంది.

రెండోది మెట్ల దగ్గర అడ్డం. ఆన్‌లైన్ గేటు మన గుమ్మం కొలతకు సరిపోలేదు. వడ్రంగిని పిలిచి రెండున్నర అడుగుల ప్లైవుడ్ పలక, పక్కల గడియలు పెట్టించాను. కింద సందు లేకుండా, పిల్ల కాలు పెట్టి ఎక్కడానికి అడ్డపట్టీలు లేకుండా చేయించండి. బాత్రూం బకెట్లో నీళ్లు ఉంచకపోవడానికి పైసా ఖర్చు లేదు, కానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే. నాలుగు వేళ్ల నీళ్లు చాలు, తలకిందులైన పిల్ల మళ్లీ లేవలేదు.

మూడోది ఎత్తుకునే క్యారియర్. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు చిన్నదానికి ఎనిమిదో నెల. స్ట్రోలర్ జంపన్నవాగు ఇసుకలో రెండడుగులు పోయి ఆగిపోయింది, కారులో పడేశాం. క్యారియర్‌లో మా ఆయన ఛాతీకి కట్టుకుని గద్దెల దాకా పోయారు. తుంటి కింద వెడల్పుగా ఆనేది చూసి కొనండి, మోకాళ్లు తుంటి ఎత్తుకు రావాలి. కాళ్లు తీగల్లా వేలాడేది వద్దు.

గోదావరిఖని అన్న
మేడారంలో నిలువెత్తు బంగారం, అదే బెల్లం, ఇచ్చారా అక్కా? ఎనిమిది నెలల పిల్లకు ఎనిమిది కిలోల బెల్లమైనా తూగి ఉంటది. అదీ క్యారియర్‌లోనే మోశారా?

మా నాన్న బొగ్గుగని కార్మికుడు. మా క్వార్టర్స్‌లో వడ్రంగి చేసిన మూడు గీరల కర్ర బండి ఒకటే ఉండేది, లైనంతా తిరిగేది. దాన్నీ వాకర్‌నూ ఒకే గాటన కట్టకండి. పిల్ల తనంతట తాను నిలబడ్డాకే దాన్ని తోస్తుంది. బరువు తన కాళ్ల మీదే ఉంటది, పాదాలు తనకు కనిపిస్తాయి, పడితే కూర్చుండిపోతుంది. వాకర్‌లో పిల్ల గుడ్డ మీద వేలాడుతూ మునివేళ్లతో నేలను తన్నుతది. అది నడక కాదు, ఈత. ఏడో నెలకు ఏ బండీ అక్కర్లేదు. మంచం పట్టుకుని నిలబడ్డాక చూసుకోవచ్చు.

నిర్మల్ పోయినప్పుడు పొనికి కర్ర బొమ్మలు కొనమంటారు. అందంగా ఉంటాయి, కానీ అవి షోకేసుకు, నోట్లో పెట్టుకునే వయసుకు కాదు.

పోచమ్మ మైదాన్ నానమ్మ
మూడు గీరల బండి నాకూ ఇష్టమే. కానీ వాకర్ లేకుంటే నడక ఆలస్యమైతది కదా? పక్కింటి పిల్ల పది నెలలకే నడిచింది.

నైట్ డ్యూటీ
ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లలను చూసి చెప్పిన లెక్కమ్మా, అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. తనంతట తాను నడవడం 8 నెలల నుంచి 17న్నర నెలల మధ్య ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. నూటికి నలుగురు చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడిచారు. పదో నెలకు నడిచిన పక్కింటి పిల్లా మామూలే, పదహారో నెలకు నడిచిన మా అబ్బాయీ మామూలే. 18 నెలలు దాటినా నడవకపోతే డాక్టర్‌కు చూపించాలి. అప్పుడు కూడా వాకర్ మందు కాదు.

బండి మీద నాన్న
ఇంట్లో ఇంత జాగ్రత్త చెప్పారు. బయటికి పోతే స్కూటీ మీద ముందర నిలబెట్టుకుని పోతాం కదా, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి, బండి 40 దాటొద్దు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది నిబంధన. కారులో అయితే పిల్లలకు బెల్టో సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ములుగు రోడ్డులో ఎవరినైనా ఆపి అడగండి, ఇది తెలిసినవాళ్లు దొరకరు.

కాజీపేట క్వార్టర్స్
అన్నా, ఏడాది నిండని పిల్ల తల మీద హెల్మెటా? మెడ ఆగుతుందా?

బండి మీద నాన్న
అందుకే ఏడాది నిండేదాకా మేం బండి ఎక్కించలేదు, ఆటోలో తిరిగాం. ఆ ఖర్చు కూడా పిల్లల సామాన్ల లెక్కలోనే రాసుకున్నాను.

నయీంనగర్ పాప అమ్మ
అందరికీ నమస్తే, పది రోజుల తర్వాత రాస్తున్నాను. షాపన్న చెప్పినట్టు వదినను తీసుకుని పోయాను. దారంతా మాట్లాడలేదు. షాపులో వాకర్ బోర్లా తిప్పి అడుగున చూపించాను, బ్రేకులు లేవు. మా మెట్లు ఆమెకు తెలుసు, పోయినేడు వానలో అక్కడే జారి చెయ్యి బెణికించుకున్నారు. ఆమే బిల్లు తీసి బల్ల మీద పెట్టారు. "నడక లేటైతే నా మీదికి రావద్దు" అని మాత్రం అన్నారు, అది రోజుకోసారి ఇంకా అంటున్నారు.

వాకర్ బదులు బువ్వ తినే ఎత్తు కుర్చీ తీసుకున్నాం, ఏడు వందలు పైన వేశాను. జంపఖానా తెచ్చాను. పలకకు వడ్రంగి రేపు వస్తానని నాలుగు రోజుల నుంచి అంటున్నాడు. మిగతాది క్యారియర్ కోసం దాచాను. కుర్చీలో పాప గిన్నె కింద పడేస్తుంది, అత్తమ్మ తీసి ఇస్తారు, మళ్లీ పడేస్తుంది. ఇద్దరికీ అదే ఆట.

ఇద్దరి తల్లి, హన్మకొండ చౌరస్తా
కుర్చీకి నడుము బెల్టు ఒక్కటేనా, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉందా? లేకపోతే కిందికి జారిపోతుంది. చూసి చెప్పండి.

నయీంనగర్ పాప అమ్మ
ఉంది అక్కా. అత్తమ్మ అది ఏదో తాడనుకుని మొదటి రోజే విప్పేశారు. ఇప్పుడే వెతుకుతున్నాం.