స్కాట్లాండ్ విస్కీ డిస్టిలరీలు మోటర్‌హోమ్‌లో: 6 రోజులు చాలతాయా?

పటమట_విజయవాడ:
మే రెండో వారంలో నలుగురం వెళ్తున్నాం. ఎడిన్‌బరాలో దిగి 6 రోజులకు మోటర్‌హోమ్ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుందామని. విస్కీకి పేరున్న స్పేసైడ్, ఐలా రెండూ అవుతాయా? మన లైసెన్సు చెల్లుతుందా? రాత్రిళ్లు ఎక్కడపడితే అక్కడ ఆపుకోవచ్చా?

అమరావతిరోడ్_గుంటూరు:
రెండూ పెట్టుకోవద్దండీ. ఐలా ద్వీపం, కెన్నక్రెయిగ్ రేవు నుంచి ఫెర్రీయే 2 గంటలు. అక్కడికి పోయే ఏ83 రోడ్డును వానలకు కొండచరియలు పడితే మూసేస్తారు. ఒక్కరోజు అటూఇటూ అయినా ప్లానంతా పోతుంది.

స్పేసైడ్ ఒక్కటే పెట్టుకోండి. ఎడిన్‌బరా నుంచి అక్కడి డఫ్‌టౌన్ ఊరికి దాదాపు 4 గంటలు. అబర్లూర్ దగ్గర క్యాంప్‌సైట్‌లో 3 రాత్రులు బండి కదపకుండా ఉంచేయండి. ఎల్గిన్–డఫ్‌టౌన్ 36వ నంబరు బస్సు అబర్లూర్ మీదుగానే పోతుంది. గ్లెన్‌ఫిడ్డిక్ డిస్టిలరీ డఫ్‌టౌన్‌లోనే, ఊళ్లోంచి నడిచిపోవచ్చు. అబర్లూర్ నుంచి క్రెగెల్లాకీకి నది పక్కన పాత రైలుదారి మీద 3 కిలోమీటర్ల పైచిలుకు నడక. అక్కడ పీపాలు బాగుచేసే కూపరేజీ ఉంది, వదలొద్దు. జిగురు చుక్క వాడరు. మూత అంచు సందులో ఎండు జమ్ము దూర్చి, ఇనపకట్టు సుత్తితో బిగిస్తారు. పై గ్యాలరీ నుంచి అంతా కనపడుతుంది.

టూర్లు ముందే బుక్ చేసుకోండి, రోజుకు రెండే. మూడోదానికి నాలుక పనిచేయదు.

బెంజ్‌సర్కిల్:
డ్రైవింగు సంగతి. 2014 డిసెంబరు నుంచి స్కాట్లాండ్‌లో నడిపేవాళ్లకి ఆల్కహాల్ పరిమితి 100 మి.లీ. రక్తానికి 50 మి.గ్రా., ఇంగ్లండ్‌లో 80. మన దగ్గర 30 కాబట్టి అక్కడ వెసులుబాటు ఉందనుకోకండి. 40 శాతం విస్కీ 25 మి.లీ. అంటే ఒక యూనిట్ ఆల్కహాల్, ఒంట్లో కరగడానికి సుమారు గంట. రాత్రి పొద్దుపోయేదాకా తాగితే పొద్దున్నే స్టీరింగు పట్టకూడదు. నడిపేవాళ్లు 'డ్రైవర్స్ డ్రామ్' అడగండి, చాలాచోట్ల వాళ్ల వాటా చిన్న సీసాలో కట్టిస్తారు.

మన లైసెన్సు 12 నెలలు చెల్లుతుంది, బండి 3,500 కిలోలు దాటకుండా చూసుకోండి. అద్దె కంపెనీ ఇంటర్నేషనల్ పర్మిట్ అడగొచ్చు, ఆర్టీఏలో ముందే తీసుకోండి. ఎక్కడైనా బస చేసే హక్కు 2003 చట్టం ఇచ్చింది నడిచేవాళ్లకి, సైకిళ్లకి. మోటారు బండికి కాదు. డిస్టిలరీ పార్కింగులో రాత్రి ఉండాలంటే అనుమతి తీసుకోవాల్సిందే.

బ్రాడీపేట:
బుక్ చేసేముందు ఒకటి: 'ఫోర్ బెర్త్' అంటే నాలుగు పడకలు, నాలుగు బెల్టు సీట్లు అని కాదు. విడిగా అడగండి.

క్యాంప్‌సైట్‌లో కరెంటు చాలాచోట్ల 10 ఆంప్సే, అంటే 2,300 వాట్లు. 700 వాట్ల రైస్ కుక్కర్ నడుస్తుండగా 2,000 వాట్ల కెటిల్ వేస్తే బ్రేకర్ పడిపోవచ్చు. గ్యాసు ప్రొపేనే అడగండి; చలికి సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరవదు, స్టవ్ వెలగదు. నలుగురున్నారు కాబట్టి టాయిలెట్ క్యాసెట్ (కింద ఉండే మలం డబ్బా) రెండు రోజులకోసారి, దానికని కేటాయించిన చోటే ఖాళీ చేయాలి.

తిరిగొచ్చేప్పుడు మనిషికి 2 లీటర్లే డ్యూటీ ఫ్రీ. 70 శాతం దాటిన సీసా విమానంలోకి రానివ్వరు.